కంపెనీ డబ్బిచ్చి తీసేస్తుంటే ఈఎస్‌ఐ నిరుద్యోగ భత్యం వస్తుందా? (రాయగడ నుంచి ఒక జవాబు)

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఊరు ఒడిశాలోని గుణుపూర్, రాయగడ పక్క ఫ్యాక్టరీలో ఏడేళ్ళ ఎనిమిది నెలలు పర్మినెంట్‌గా చేశారు, జీతం 18,000, అది అంతా బేసిక్ డీఏనే (మూల వేతనం, కరువు భత్యం). ఇప్పుడు మీ సెక్షన్ ఎత్తేస్తున్నారు, రాజీనామా రాసిస్తే లక్షన్నర చేతిలో పెడతామని హెచ్‌ఆర్ అంటున్నారు. ఆ డబ్బు ముడితే ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) నుంచి పైసా రాదని తోటివాళ్ళు భయపెడుతున్నారు. ఇదంతా నేనూ చూసొచ్చినదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

డబ్బు తీసుకున్నందుకు భత్యం ఆగదు. నేను పరిహారం తీసుకున్నాను, అది బ్యాంకులో పడ్డాక ఈఎస్‌ఐకి అప్లై చేశాను, అదీ వచ్చింది, కంపెనీ ఎంత ఇచ్చిందని అక్కడెవరూ అడగలేదు. చిక్కంతా మీ చేత రాయిస్తామంటున్న ఆ రాజీనామాలో ఉంది.

ముందు ఆ లక్షన్నర సంగతి చూద్దాం, ఎందుకంటే అది ఏదో ధర్మం చేస్తున్నట్టు చెప్తారు వాళ్ళు. ఏడాది దాటి పనిచేసిన కార్మికుణ్ణి తీసేయాలంటే ఒక నెల ముందు నోటీసివ్వాలి, లేదంటే ఒక నెల జీతమివ్వాలి. అది 18,000. దానిపైన ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం, ఆరు నెలలు దాటితే ఆ ముక్కని కూడా ఏడాదిగానే లెక్కేస్తారు కాబట్టి మీకు ఎనిమిదేళ్ళు, అంటే 9,000 ఇంటూ ఎనిమిది, 72,000. ఐదేళ్ళు నిండాయి కనుక గ్రాట్యుటీ వేరే, దాని లెక్కలో నెలకి 26 రోజులు పెట్టి భాగిస్తారు, అలా చేస్తే దాదాపు 83,000. మొత్తం కలిపితే 1,73,000. చూశారా, రాజీనామా రాసిస్తే ఇస్తామంటున్న లక్షన్నర చట్టం ప్రకారం ఎలాగూ ఇవ్వాల్సిన దానికంటే ఇరవై మూడు వేలు తక్కువ! ఇంకా వాడుకోని సెలవుల డబ్బు, బోనస్ బకాయి ఇందులో కలపలేదు. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కదా, పదిహేను రోజుల లెక్క వాటిలోనూ అలాగే ఉంది, పైగా తీసేసిన కార్మికుడికి కొత్త పని నేర్చుకోడానికని ఇంకో పదిహేను రోజుల జీతం కంపెనీ కట్టాలి, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలని రాశారు. మీ జీతంలో ఇంటద్దె భత్యం, కన్వేయన్స్ లాంటివి ఉండుంటే లెక్క తగ్గేది, మీకు అంతా బేసిక్ డీఏనే అన్నారు కాబట్టి ఆ బాధ లేదు.

కాబట్టి హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు మొదట అడగాల్సింది విడివిడిగా రాసిన లెక్క కాగితం. నోటీసు జీతం ఎంత, పరిహారం ఎంత, గ్రాట్యుటీ ఎంత, సెలవులు ఎంత. మొత్తం ఒకే ముద్ద చేసి ‘ఫుల్ అండ్ ఫైనల్’ అని సంతకం పెట్టించుకుంటే అందులో ఏది ఎగ్గొట్టారో తరవాత ఎవరికీ తేలదు.

ఇక ఈఎస్‌ఐ. ఇక్కడ రెండు పథకాలున్నాయి, చాలామందికి ఒకటే తెలుసు. తెలిసినది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన, 2018 జులైలో వచ్చింది. మొదట్లో సగటు రోజు సంపాదనలో పాతిక శాతమే ఇచ్చేవారు, కరోనా అప్పుడు యాభై శాతం చేశారు. జీవితం మొత్తం మీద 90 రోజులకి మించి ఇవ్వరు. ఉద్యోగం పోయే నాటికి రెండేళ్ళు ఈఎస్‌ఐలో ఉండాలి, పోవడానికి ముందున్న చందా కాలంలో 78 రోజులు, అంతకు ముందు మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో 78 రోజులు చందా కట్టి ఉండాలి. చందా కాలం అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. డబ్బు లెక్క నాలుగు కాలాల మొత్తం సంపాదనని 730తో భాగించి అందులో సగం. మీ 18,000కి రోజుకి 295 చిల్లర, 90 రోజులకి 26,600 దగ్గర వస్తుంది. మధ్యలో లీవు పెట్టి జీతం కోత పడ్డ నెలలుంటే ఇంకా తగ్గుతుంది, భాగించేది మాత్రం 730తోనే.

రెండోదాని పేరు రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, 2005 నుంచి ఉంది, దీని గురించి మా ఫ్యాక్టరీలో యూనియన్ పెద్దాయన ఒక్కడికే తెలుసు. ఫ్యాక్టరీ మూసేసినా, రిట్రెంచ్‌మెంట్ కింద (అంటే మన తప్పు లేకుండా, మనిషి అక్కర్లేదని యజమానే) తీసేసినా, లేదా పనికి సంబంధం లేని ప్రమాదంలో నలభై శాతం, అంతకుమించి శాశ్వత వైకల్యం వచ్చి పని పోయినా ఇది వర్తిస్తుంది. రెండేళ్ళు చందా ఉంటే చాలు. మొదటి ఏడాది జీతంలో సగం, రెండో ఏడాది పావు. మీ జీతానికి ఉజ్జాయింపుగా నెలకి 9,000 ఒక ఏడాది, 4,500 ఇంకో ఏడాది, కలిపితే లక్షా అరవై వేలు దాటుతుంది. ఆ కాలంలో ఇంట్లోవాళ్ళకి ఈఎస్‌ఐ వైద్యం కూడా కొనసాగుతుంది, అమ్మకో నాన్నకో షుగరు బీపీ ఉన్న ఇంట్లో దాని విలువ డబ్బుతో చెప్పలేం. మధ్యలో వేరే ఉద్యోగం దొరికితే భత్యం ఆగిపోతుంది, అది న్యాయమే. ఒకే కాలానికి రెండు పథకాల్లోనూ డబ్బు తీసుకోవడం కుదరదు.

ఇప్పుడు రాజీనామా రాస్తే ఏమవుతుందో చూడండి. రాజీవ్ గాంధీ పథకం తలుపు అక్కడే మూసుకుంటుంది, ఎందుకంటే కాగితం మీద మిమ్మల్ని ఎవరూ తీసేయలేదు, మీరే వెళ్ళిపోయారు. అటల్ పథకంలో కూడా దుష్ప్రవర్తన వల్ల పోయినవాళ్ళకి, వయసు నిండినవాళ్ళకి, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవాళ్ళకి ఇవ్వరని ఉంది. మా దగ్గర ఒక లైను ఎత్తేసినప్పుడు రాజీనామా రాసిన కుర్రాళ్ళ అప్లికేషన్లు ఆ ప్రశ్న దగ్గరే నానాయి, నాకు మాత్రం తీసేసిన లెటర్ ఉండడంతో ఎవరితోనూ వాదించాల్సిన పని పడలేదు. లెటర్లో ‘రిట్రెంచ్‌మెంట్’ అని ఉండాల్సిందేనని ఆ యూనియన్ పెద్దాయన పట్టుబట్టాడు, అప్పట్లో మాకు ఆయన చాదస్తం మీద విసుగొచ్చేది.

హెచ్‌ఆర్ మీకో మాట చెప్తారు, ‘రాజీనామా అయితే మీ రికార్డు క్లీన్‌గా ఉంటుంది, వేరే చోట ఉద్యోగం సులువు’ అని. సెక్షన్ ఎత్తేశారని తీసేస్తే అదేం మచ్చ కాదు, ఎవరూ అలా చూడరు. రాజీనామా వాళ్ళకెందుకు కావాలంటే అప్పుడు పరిహారం చట్టప్రకారం ఇవ్వక్కర్లేదు, ప్రభుత్వానికి నోటీసు పంపక్కర్లేదు. ఇంకొకటి, లెటర్లో ‘లే-ఆఫ్’ అని రాస్తే కూడా ఒప్పుకోకండి. మనం మాటల్లో అలా అంటాం గానీ ఇక్కడి చట్టంలో లే-ఆఫ్ అంటే పని లేదు కాబట్టి కొన్నాళ్ళు కూర్చోబెట్టడం, ఉద్యోగం ఇంకా ఉన్నట్టే లెక్క. సంతకానికి ఒత్తిడి చేస్తుంటే రాయగడలో జిల్లా లేబర్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి, దాని కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఆ ఒక్క స్టాంపు చూసే మాట మెత్తబడిన మేనేజర్లు ఉన్నారు.

లెటర్ సరిగ్గా వచ్చినా ఇంకో చోట మెలిక పడుతుంది. నెలనెలా ఈఎస్‌ఐ చందా కట్టేటప్పుడు ఆ నెల పనిచేయని మనిషి పక్కన ఫ్యాక్టరీ క్లర్కు ఒక కారణం ఎంచుకోవాలి. అందులో ‘లెఫ్ట్ సర్వీస్’ ఒకటి, ‘రిట్రెంచ్‌మెంట్’ వేరే ఒకటి. క్లర్కులకి అలవాటుగా చెయ్యి మొదటిదాని మీదకే పోతుంది. లెటర్లో ఒకటి, కంప్యూటర్లో ఒకటి ఉంటే ఈఎస్‌ఐ బ్రాంచిలో మళ్ళీ ఫ్యాక్టరీకి రాసి కనుక్కుంటాం అంటారు, ఇక అది తేలేదాకా మీ డబ్బు కదలదు. గేటు దాటకముందే టైమ్ ఆఫీసుకి వెళ్ళి ఆ ఎంట్రీ ఎలా పెడుతున్నారో మంచిగా అడిగి చూసుకోండి. పీఎఫ్‌లో రాసే కారణం కూడా దీనికి తగ్గట్టే ఉండాలని అప్పుడే చెప్పండి.

పేర్ల గొడవ ఒడిశాలో ఉండే మన తెలుగువాళ్ళకి ప్రత్యేకం. ఇంటి పేరు ముందు రాసుకోవడం మన అలవాటు, ఒడిశాలో ఆధార్ తీసినవాళ్ళు అది వదిలేసి చివర ఉన్న రావునో నాయుణ్ణో ఇంటి పేరు చేసేస్తారు. ఫ్యాక్టరీలో మెట్రిక్ సర్టిఫికెట్ చూసి ఇంకోలా ఎక్కిస్తారు. ఈఎస్‌ఐలో పేరు, పుట్టిన తేదీ, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. ఫ్యాక్టరీలో ఉండగానైతే సవరణ కాగితం మీద యజమాని సంతకం సులువుగా దొరుకుతుంది, బయటికొచ్చాక అదే మనిషి ఫోనెత్తడు. బ్యాంకు సంగతీ అంతే. మీకు పార్వతీపురంలోనో విజయనగరంలోనో పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా ఉందనుకోండి, 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారింది. ఈఎస్‌ఐ రికార్డులో పాత కోడే ఉండిపోతే మంజూరైన డబ్బు కూడా వెనక్కి పోతుంది. ఆంధ్రా బ్రాంచి ఖాతా అయినా పర్వాలేదు, ఒడిశాలోనే ఉండాలని లేదు, ఈఎస్‌ఐ కేంద్రం నడిపేది.

అప్లై చేయడం ఈఎస్‌ఐసీ పోర్టల్లో, మీ పదంకెల ఇన్సూరెన్స్ నంబరుతో లాగిన్ అయి. అటల్ పథకానికైతే ఉద్యోగం పోయిన ముప్పై రోజుల తరవాత క్లెయిమ్ పెట్టవచ్చు, ఒకప్పుడు తొంభై రోజులు ఆగాల్సి వచ్చేది, యజమాని ద్వారా పంపాల్సి వచ్చేది, ఇప్పుడు మీరే నేరుగా పెట్టుకోవచ్చు. ఈ పథకాన్ని విడతలు విడతలుగా పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి పెట్టేముందు గడువు పోర్టల్లో చూసుకోండి. రాజీవ్ గాంధీ పథకానికి మాత్రం లెటర్, ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచి ఆఫీసుకి మీరే వెళ్ళి ఇవ్వడం మంచిది. కౌంటర్లో ఉన్నతనికి ఈ పథకం గుర్తు లేకపోతే ఆశ్చర్యపోకండి, పేరు పూర్తిగా చెప్పండి, మేనేజరుని అడగండి. అన్నిటికీ రసీదు తీసుకోండి. ఏదైనా తేలకపోతే భువనేశ్వర్ రీజినల్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి, ఊరికే హీరాఖండ్ రైలెక్కి రాత్రంతా ఆంధ్రా చుట్టి ఒడిశాలో దిగే ప్రయాణం అవసరమైతేనే పెట్టుకోండి.

మీ బావ మీకంటే పెద్ద చదువు చదివి విశాఖలో నెలకి 40,000 జీతగాడు, ఆయన ఉద్యోగమూ పోయింది, ఆయనకీ ఇవి వస్తాయా అన్నారు. రావు. ఈఎస్‌ఐ నెలకి 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళకే, 2017 నుంచి అదే పరిమితి. ఆయనకి కంపెనీ ఇచ్చేది, పీఎఫ్, గ్రాట్యుటీ, అంతే. ఆంధ్రాలో 2018లో యువనేస్తం అని ఇచ్చిన వెయ్యి రూపాయల భృతి వేరే సంగతి, అది చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాళ్ళకి, ఉద్యోగం పోయినవాళ్ళకి కాదు.

మీతో గదిలో ఉండే కాంట్రాక్టు అబ్బాయి సంగతి కూడా అడిగారు కదా. అతనికి యజమాని కాంట్రాక్టరే, ఫ్యాక్టరీ కాదు, ఈఎస్‌ఐ కూడా సాధారణంగా కాంట్రాక్టరు కోడ్ కిందే ఉంటుంది. కాంట్రాక్టు గడువు ముగిసి మళ్ళీ ఇవ్వకపోతే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అనరు, కాబట్టి అతనికి అటల్ పథకమే దారి. అతను ముందు చూసుకోవాల్సింది ఇన్సూరెన్స్ నంబరు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత నంబరు అడక్కుండా కొత్తది తీసేస్తుంటారు, దాంతో రెండేళ్ళ సర్వీసు రెండు ముక్కలై ఏ నంబరు మీదా రెండేళ్ళు కనపడదు. పాత కార్డు, కొత్త కార్డు రెండూ పట్టుకుని బ్రాంచికి వెళ్ళి ఒకటి చేయమని ఇప్పుడే దరఖాస్తు ఇమ్మనండి, పని ఉన్నప్పుడే అయితే కాంట్రాక్టరు దగ్గర హాజరు పట్టీ నకలు కూడా దొరుకుతుంది.