జాబ్ కోచ్ రావడం తగ్గిస్తే తమ్ముడు ఒక్కడే నెట్టుకురాగలడా?

మీ తమ్ముడికి మేధో వైకల్యం ఉంది, సూపర్ మార్కెట్‌లో పనికి కుదిరి నెలన్నర అయింది, పనిచోటే పక్కనుండి పని నేర్పే జాబ్ కోచ్ ఇప్పుడు వారానికి రెండు రోజులే వస్తోందని టెన్షన్ పడుతున్నారు. రోజూ మీరే వెళ్లి పక్కన కూర్చోవాలా అని అడిగారు. వద్దండీ. సికింద్రాబాద్‌లో తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్నది ఈ కోచ్ పనే. కోచ్ తప్పుకోవడం పనిలో భాగమే. తన చోట ఎవరిని నిలబెట్టి తప్పుకుంటోందన్నదే అడగాల్సిన ప్రశ్న.

మొదట్లో నేనే ఇక్కడ పొరపాటు చేశాను. ఒక కుర్రాడికి హోటల్ లాండ్రీలో టవళ్లు మడవడం నేర్పాను. పరచడం, అంచులు కలపడం, సగానికి మడవడం, మళ్లీ మూడు మడతలు, హోటల్ గుర్తు పైకి రావడం, ఇలా పనిని ముక్కలు చేసి చూపించాను. బాగానే పట్టేశాడు. కానీ చివరి మడత దగ్గర ఆగి నా ముఖంలోకి చూసేవాడు. నేను తల ఊపితేనే మడిచేవాడు. రెండు నెలలు అలాగే ఊపాను. నేను సెలవు పెట్టిన రోజు, సగం మడిచిన టవళ్లు బల్లమీద గుట్టపడ్డాయట. అతనికి పని రాక కాదు. నా తల ఊపడం కూడా పనిలో ఒక మెట్టేనని నేనే అలవాటు చేశాను.

ఆ తర్వాత అతని పక్కనుంచి వెనక్కి, వెనకనుంచి తలుపు దగ్గరికి జరిగాను. సరిగ్గా మడిచిన టవల్ ఒకటి ఎదురుగా పెట్టాను, పోల్చి చూసుకోవడానికి. అనుమానమొస్తే అడగడానికి ఇస్త్రీ మిషన్ దగ్గరి పెద్దాయన్ని ఒప్పించాను. ఆయన్ని కోరింది ఒకటే: ఒక మాట చెప్పాక మనసులో పది దాకా లెక్కపెట్టండి, ఈలోగా రెండో మాట అనొద్దు.

నిజానికి పనికంటే టీ టైమే కష్టం. ఎవరి పక్కన కూర్చోవాలి, ఎప్పుడు లేవాలి అన్నది ఎవరూ నేర్పరు. మీ తమ్ముడు ఎవరితో టీ తాగుతున్నాడో కనుక్కోండి. మీరు చేయగలిగింది ఇంకోటుంది: షిఫ్ట్ మారినప్పుడు ఆ టైముకే నాలుగు రోజులు బస్సులో తోడు వెళ్లండి, స్టాపు దగ్గరే ఆగిపోండి.

2016 వికలాంగుల హక్కుల చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం, 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థ కూడా ఇలాంటి ఉద్యోగుల సౌకర్యాలు చూడటానికి ఒక లైజాన్ ఆఫీసర్‌ను పెట్టాలి. ఆయన ఎవరో అడిగి ఫోన్ నంబర్ రాసుకోండి.

కోచ్‌ని కూడా ఒక మాట అడగండి. సూపర్‌వైజర్ మారినా, సరుకులు పెట్టే ర్యాకులు మార్చినా మళ్లీ ఓ వారం వస్తారా అని. ఆ కుర్రాడి దగ్గరికి నేను ఇప్పటికీ అలా వెళ్తుంటాను. రానంటే మాత్రం గట్టిగా పట్టుబట్టండి.