చిన్న ఊళ్ళో ఇండియన్ రెస్టారెంట్

"మెమోరియల్ డే (మే చివరి సోమవారం సెలవు) వీకెండ్‌కి ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్‌కి వెళ్తున్నాం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, నాన్నగారు శాకాహారి. దారిలో మన భోజనం దొరుకుతుందా, లేక కుక్కర్ పట్టుకెళ్ళాలా?" అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళు వేసవి దగ్గరపడేసరికి తరచూ అడిగే ప్రశ్న ఇది.

దొరుకుతుంది. కాకపోతే డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనకి అలవాటైన రెస్టారెంట్ వేరు, చిన్న టూరిస్టు ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఇండియన్ రెస్టారెంట్ వేరు. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అమెరికన్లు. వాళ్ళ నోటికి తగ్గట్టే మెనూ రాసుకుంటారు, వాళ్ళ కారానికి తగ్గట్టే వండుతారు. మనం మెనూ చూసి నంబరు చెప్పినట్టు ఆర్డర్ ఇచ్చేస్తే తియ్యటి కూర వస్తుంది. రెండు నిమిషాలు ఆగి మాట్లాడి అడిగితే అదే వంటగదిలోంచి మనం ఇష్టంగా తినే భోజనం వస్తుంది. నేను చెప్పేదంతా ఆ అడగడం గురించే.

ముందుగా, ఆ రెస్టారెంట్ ఎవరిదో చూడండి. చిన్న ఊళ్ళలో ఎక్కువగా పంజాబీలు, నేపాలీలు, బంగ్లాదేశీయులు నడుపుతుంటారు. తెలుగువాళ్ళవి తక్కువ. మెనూలో మోమోలు (ఆవిరి మీద ఉడికించే కుడుముల్లాంటివి), తుక్పా (నూడుల్స్ సూపు) కనిపిస్తే నేపాలీలదని దాదాపు చెప్పేయొచ్చు. అక్కడ చికెన్ టిక్కా మసాలా కంటే మోమోలు చాలా బాగుంటాయి. దాల్ భాత్ ఉంటే పెద్దవాళ్ళకి అంతకంటే హాయైన భోజనం లేదు: అన్నం, పప్పు, ఒక కూర, పచ్చడి. పంజాబీలదైతే దాల్ తడ్కా, చోలే, ఆలూ గోబీ, తందూరీ రోటీ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఇలాంటి చోట దోశ, హైదరాబాదీ బిర్యానీ జోలికి వెళ్ళకండి. మెనూలో బిర్యానీ అని ఉంటుంది కానీ చాలాచోట్ల అన్నంలో కూర కలిపి వేయించి ఇస్తారు. అది వాళ్ళ తప్పు కాదు. దమ్ బిర్యానీ రోజూ వండేంత గిరాకీ ఆ ఊళ్ళో ఉండదు.

కారం విషయానికొస్తే, సర్వర్ "మైల్డ్, మీడియం, హాట్?" అని అడుగుతారు. కొన్నిచోట్ల ఒకటి నుంచి ఐదు వరకో, పది వరకో అంకె చెప్పమంటారు. మీరు "హాట్" అంటే అమెరికన్ హాట్ వస్తుంది. "ఇండియన్ హాట్" అనండి. అయితే దీంట్లో ఒక ఇబ్బంది ఉంది. కొందరు వంటవాళ్ళు అప్పటికే సిద్ధంగా ఉన్న గ్రేవీలో చివర్లో ఎండుకారం కలిపేస్తారు. పచ్చికారం గొంతుకి పట్టుకుంటుంది, రుచి రాదు. అందుకని "నూనెలో జీలకర్ర, వెల్లుల్లి, తరిగిన పచ్చిమిర్చి వేయించి పైన వేస్తారా?" అని అడగండి. తడ్కా అంటే వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుందేమో కానీ, మన ఇంటి పోపు పెట్టిన పప్పుకి దగ్గరగా వస్తుంది. పక్కన ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, నిమ్మచెక్క కూడా అడగండి. మెనూలో లేకపోయినా దాదాపు ఎవరూ కాదనరు.

అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు నాకు అన్నిటికంటే పనికొచ్చింది పెరుగన్నం. మెనూలో ఆ పేరు ఉండదు, రైతా ఉంటుంది. రైతాలో కీరా, జీలకర్ర పొడి, ఒక్కోసారి పంచదార కూడా వేస్తారు. అది వద్దని చెప్పి "ప్లెయిన్ యోగర్ట్" ఒక కప్పు, తెల్లన్నం ఒక గిన్నె అడగండి. బాస్మతి అన్నం పలుకుపలుకుగా ఉండి పెరుగులో కలవదు. ఒక కప్పు వేడినీళ్ళు తెప్పించుకుని, నాలుగు చెంచాలు అన్నం మీద చల్లి, గరిటె వెనకవైపుతో మెత్తగా నొక్కి, ఆ తర్వాత పెరుగు, ఉప్పు కలపండి. నాలుగు గంటలు కార్లో కూర్చుని వచ్చిన పెద్దవాళ్ళకి అది తినగానే ప్రాణం లేచివస్తుంది. వాళ్ళిచ్చే ఊరగాయ ఆవనూనెతో చేసింది కావచ్చు, మనవాళ్ళకి ఆ వాసన పడకపోవచ్చు. చిన్న సీసాలో మన ఆవకాయో కందిపొడో వెంట ఉంచుకోండి. బల్లమీద పెట్టేముందు "మా అమ్మగారికి కొంచెం వేయొచ్చా?" అని ఒక మాట అడిగితే సరిపోతుంది.

శాకాహారం సంగతి కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి. "వెజిటేరియన్" అని చెప్పి ఊరుకోకండి, విడమర్చి చెప్పండి: మాంసం, చేప, గుడ్డు ఏవీ తినం అని. నాన్ పిండిలో కొందరు గుడ్డు కలుపుతారు. తందూరీ రోటీ మామూలుగా గోధుమపిండి, నీళ్ళే, అయినా అడగండి. పులుసుల్లాంటి సూపుల్లో కొందరు చికెన్ వేసి కాచిన నీళ్ళు వాడతారు. సమోసాలు, పకోడీలు వేయించే నూనెలోనే చికెన్ పకోడీ కూడా వేయిస్తారు. చిన్న వంటగదిలో నూనె మూకుడు ఒకటే ఉంటుంది మరి. దీన్ని పట్టించుకునేవాళ్ళు వేపుళ్ళ జోలికి పోకుండా పప్పు, కూర, రోటీ తెప్పించుకోవడం మేలు. పిల్లల్లో ఎవరికైనా జీడిపప్పు, పల్లీలు పడకపోతే ఆర్డర్ ఇచ్చేముందే చెప్పండి. కుర్మా, షాహీ పనీర్, టిక్కా మసాలా లాంటి తెల్ల, నారింజరంగు గ్రేవీల్లో జీడిపప్పు ముద్ద వేయడం మామూలే.

కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది టైమింగ్స్ దగ్గర. మధ్యాహ్నం లంచ్ అయ్యాక రెండున్నర, మూడు నుంచి ఐదు దాకా మూసేసే చోట్లు చాలా ఉన్నాయి. రాత్రి తొమ్మిదికి మూస్తామని రాసి ఉంటే వంటగది అంతకుముందే ఆగిపోవచ్చు. వారంలో ఒకరోజు, తరచుగా సోమవారమో మంగళవారమో సెలవు. మెమోరియల్ డే సోమవారమే వస్తుందని మరిచిపోకండి. ఎల్లోస్టోన్ లోపలి రోడ్లు చాలావరకు నవంబరు మొదట్లో మూసి ఏప్రిల్ మధ్య నుంచి ఒక్కొక్కటిగా తెరుస్తారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో రెస్టారెంట్లు కూడా కొన్ని ఆ సీజన్‌ని బట్టే నడుస్తాయి. గూగుల్‌లో "ఓపెన్" అని చూపించినంత మాత్రాన నమ్మకుండా, గంట ముందు ఫోన్ చేసి కిచెన్ ఎన్నింటికి ఆపేస్తారో అడగండి.

టైమ్ జోన్లు ఇంకో తలనొప్పి. ఉదాహరణకి అరిజోనాలో పేజ్ అనే ఊరుంది, యాంటెలోప్ కాన్యన్ చూడటానికి మనవాళ్ళందరూ వెళ్ళేది అక్కడికే. అరిజోనాలో వేసవికి గడియారం గంట ముందుకి మార్చరు, పక్కనే ఉన్న యూటాలో మారుస్తారు, అరిజోనాలోని నవాహో ఆదివాసుల ప్రాంతంలోనూ మారుస్తారు. వేసవిలో సాయంత్రం ఏడింటికి పేజ్‌లో బయల్దేరి సుమారు 75 మైళ్ళ దూరంలోని యూటా ఊరు కానాబ్‌కి వెళ్తే, మీ లెక్కలో ఎనిమిదింపావు, ఆ ఊరి లెక్కలో తొమ్మిదింపావు. అప్పటికి వంటగది మూసేసి ఉంటారు, పిల్లలకి చిప్స్ ప్యాకెట్లే గతి. సరిహద్దు దగ్గర ఫోన్ కూడా ఒక్కోసారి పక్క టవర్ సిగ్నల్ పట్టుకుని తప్పు టైమ్ చూపిస్తుంది.

రెండు కార్లలో పదిమంది కలిసి వెళ్తుంటే ఫోన్ చేయడం ఇంకా అవసరం. లోపల వంట చేసేది ఒక్కరో ఇద్దరో ఉంటారు, వడ్డించేది వాళ్ళ భార్యో కూతురో. చెప్పకుండా పదిమంది ఒక్కసారిగా కూర్చుని పది రకాలు చెబితే గంటన్నర పడుతుంది. ముందే ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చేసి, రకాలు నాలుగైదుకి తగ్గించి, తలా కొంచెం పంచుకునేలా చెప్పండి. అమెరికాలో చాలాచోట్ల కూరతోపాటు అన్నం ఇస్తారు, నాన్ మాత్రం విడిగా కొనాలి. అన్నం విడిగా ఆర్డర్ చేసేముందు ఒకసారి అడిగితే డబ్బు మిగులుతుంది.

ఇక బిల్లు. ఇక్కడ దాన్ని "చెక్" అంటారు. మెనూలో ఉన్న ధర మీద సేల్స్ టాక్స్ పడుతుంది. మోంటానా, ఒరెగాన్‌లలో రాష్ట్ర సేల్స్ టాక్స్ లేదు, కానీ వెస్ట్ ఎల్లోస్టోన్ లాంటి టూరిస్టు ఊళ్ళలో రిసార్ట్ టాక్స్ అని కొంత వేస్తారు. కార్డ్ తీసుకెళ్ళి రెండు కాగితాలు తెస్తారు: ఒకటి మీది, ఒకటి వాళ్ళది. వాళ్ళ కాగితంలో "టిప్" అన్న గీత మీద మీరిచ్చే మొత్తం, దాని కింద "టోటల్" దగ్గర రెండూ కలిపిన మొత్తం రాసి సంతకం చేయాలి. తిండి 60 డాలర్లయితే పదిశాతం ఆరు, దానికి రెట్టింపు పన్నెండు; అంటే ఇరవై శాతం. కూర్చుని తిన్నప్పుడు 15 నుంచి 20 శాతం మర్యాద. బఫేలో ప్లేట్లు తీయడం, నీళ్ళు పోయడం వరకే కాబట్టి పదిశాతం ఇచ్చినా ఏమీ అనుకోరు. ఆరుగురు, అంతకంటే ఎక్కువమంది ఉంటే కొన్నిచోట్ల 18 శాతం గ్రాట్యుటీ (అంటే టిప్పే) బిల్లులోనే కలిపేస్తారు. అది చూడకుండా మళ్ళీ టిప్ రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

టిప్ దగ్గర మనవాళ్ళు చెయ్యి బిగించడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులొచ్చే ఉద్యోగికి యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీసం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె మారలేదు. టిప్పులతో కలిపి ఫెడరల్ కనీస వేతనమైన గంటకి 7.25 డాలర్లకి చేరకపోతే మిగతాది యజమాని ఇవ్వాలి. యూటా, వయోమింగ్‌లలో ఈ 2.13 లెక్కే నడుస్తుంది. మోంటానా, కాలిఫోర్నియా, నెవాడా లాంటి చోట్ల పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. "మన దేశంవాళ్ళే కదా" అని టిప్ తగ్గించడం ఏ న్యాయం? మన దేశంవాళ్ళు కాబట్టే మెనూలో లేని పచ్చిమిర్చి, పెరుగు అడగగానే తెచ్చిపెట్టారు. చిటికె వేసి పిలవడం, "మా ఊళ్ళో ఇంతకంటే బాగా చేస్తారు" అని వాళ్ళకి వినబడేలా అనడం కూడా మానేయాలి. మిగిలిన కూరకి టు-గో బాక్స్ అడగండి, ఇక్కడ అది చాలా మామూలు విషయం. బఫేలో మాత్రం ఇవ్వరు.

మ్యాప్‌లో ఇండియన్ రెస్టారెంట్ ఏదీ కనిపించకపోతే రెండు దారులున్నాయి. ఒకటి, మీరు దిగిన మోటెల్. చిన్న ఊళ్ళలో మోటెళ్ళు చాలావరకు గుజరాతీ కుటుంబాలవి. కౌంటర్ దగ్గర అడిగితే ఎక్కడ ఏం బాగుంటుందో, ఎక్కడ శాకాహారం శుభ్రంగా దొరుకుతుందో చెబుతారు. రెండోది, హైవే మీది పంజాబీ ఢాబాలు. ట్రక్కులు నడిపేవాళ్ళలో సిక్కులు ఎక్కువయ్యాక ఐ-40, ఐ-80 మీద ఓక్లహోమా, న్యూ మెక్సికో, నెబ్రాస్కా, వయోమింగ్ రాష్ట్రాల్లో కొన్ని ట్రక్ స్టాపుల్లో పరాఠాలు, పప్పు, చాయ్ దొరుకుతున్నాయి. బయటినుంచి చూస్తే మామూలు పెట్రోల్ బంకే, అందుకే మనవాళ్ళు ఆగకుండా వెళ్ళిపోతారు. మ్యాప్‌లో "పంజాబీ ఢాబా" అని వెతికి చూడండి. అమెరికన్ల కోసం కారం తగ్గించిన వంట కాదది, డ్రైవర్ల కోసం వండింది.

తిన్నాక ఒక పని చేసిపెట్టండి. ఆ రెస్టారెంట్ గురించి గూగుల్‌లో నాలుగు ముక్కలు రాయండి: సెలవు ఏ రోజు, నాన్‌లో గుడ్డు ఉందా లేదా, ఇండియన్ హాట్ అడిగితే ఎలా చేశారు. మెనూ ఫోటో ఒకటి పెట్టండి. వచ్చేనెల అదే దారిలో వాళ్ళ అమ్మానాన్నలతో వెళ్ళే ఇంకో తెలుగు కుటుంబం దాన్ని చూసుకునే బయల్దేరుతుంది.