మట్టి మోసే యాత్రికులు

ప్రశ్న: జపాన్‌లోని కోయసాన్ బౌద్ధ క్షేత్రానికి వెళ్లే పాత కాలిబాట వానలకు కోసుకుపోతుంటే, సిమెంటు వేయకుండా మట్టితోనే ఎందుకు బాగుచేస్తున్నారు?

జవాబు: 9వ శతాబ్దంలో కూకై అనే బౌద్ధ భిక్షువు స్థాపించిన ఆ క్షేత్రానికి, కొండ దిగువనున్న జిసోన్-ఇన్ ఆలయం నుంచి అడవిగుండా సాగే ఈ బాటను ‘చోయిషి-మిచి’ అంటారు. చో అంటే సుమారు 109 మీటర్లు. చోకొకటి చొప్పున, కొండమీది ప్రధాన ఆలయ ప్రాంగణం వరకు 180 రాతిస్తంభాలు నిలిచాయి. మొదట కొయ్యవి ఉండేవి, అవి పుచ్చిపోవడంతో 1265 నుంచి 1285 వరకు, ఇరవై ఏళ్లపాటు విరాళాలు కూడగట్టి రాతివి నెలకొల్పారు. యాత్రికులు ఒక్కొక్క స్తంభం వద్ద ఆగి నమస్కరించేవారు. మన తిరుమల మెట్లకు పసుపుకుంకుమలు పెట్టే భక్తులకు ఈ పద్ధతి కొత్తగా తోచదు.

1930లో కేబుల్ కారు వచ్చాక కాలినడకన ఎక్కవలసిన అవసరం తగ్గింది. అయినా 2004లో యునెస్కో, ఈ క్షేత్రమున్న ‘కీ’ పర్వతాల యాత్రామార్గాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినందున, వాటి సహజ స్వరూపాన్ని మార్చకుండా కాపాడవలసిన బాధ్యత ఏర్పడింది. అందుకే అక్కడ ‘మిచిబుషిన్’ అనే పాత ఆచారాన్ని అనుసరించి, స్వచ్ఛంద సేవకులు సంచులలో మట్టి మోసుకువెళ్లి, కోసుకుపోయినచోట నింపి, దిమ్మిసతో గట్టిపరుస్తారు. మళ్లీ వానలు కురిస్తే మళ్లీ మోయవలసిందే. పైగా సిమెంటు పరిస్తే నీరు ఇంకక అంచుల వెంబడి ఉరికి, పక్కనేలను మరింత కోస్తుంది.