11 వేల కోసం 131 గంటలు

ప్రశ్న: మాది హైదరాబాద్ ఎల్బీనగర్. ఆర్టీసీలో కండక్టర్‌గా పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ పూర్తిచేసింది. రెండు ఆఫర్లు వచ్చాయి. గచ్చిబౌలిలోని ఒక కొత్త కంపెనీ చేతికి నెలకు 56 వేలు ఇస్తుంది. వారానికి ఆరు రోజులు, రోజుకు పదిన్నర గంటల పని. ఉప్పల్‌లోని కంపెనీ ఇచ్చేది 41 వేలు. ఐదు రోజులు, రోజుకు తొమ్మిది గంటలు. తను ఉప్పల్‌కే వెళ్తానంటోంది. సాయంత్రాలు, శని ఆదివారాలు తనకంటూ ఉండాలట. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా! డబుల్ డ్యూటీలు చేసి చదివించాను. ఖాళీ సమయం కోసం నెలకు 15 వేలు వదులుకోమని ఎలా చెప్పను?

జవాబు: ముందు ఆ 15 వేల లెక్క తేల్చుకుందాం. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, మెట్లెక్కి ఇంకో రైలు పట్టుకుని, రాయదుర్గంలో దిగాక షేర్ ఆటో కోసం నిలబడి గచ్చిబౌలి చేరేసరికి గంటన్నర. తిరుగు ప్రయాణం కూడా అంతే. అంటే ఇల్లు వదిలి మళ్లీ ఇల్లు చేరడానికి రోజుకు పదమూడున్నర గంటలు. నెలకు 26 రోజులు అనుకుంటే 351 గంటలు. ఉప్పల్‌కు రానుపోను గంట. పనితో కలిపి రోజుకు పది గంటలు, నెలకు 22 రోజులు, మొత్తం 220 గంటలు.

ప్రయాణ ఖర్చులు, బయటి తిండి కలిపి గచ్చిబౌలికి నెలకు ఆరు వేలు, ఉప్పల్‌కు రెండు వేలు వేద్దాం. మీ ఇంటి లెక్క వేరుగా ఉంటే మార్చుకోండి. చేతిలో మిగిలేవి 50 వేలు, 39 వేలు. గంటకు చూస్తే గచ్చిబౌలిలో సుమారు 142 రూపాయలు, ఉప్పల్‌లో 177. ఎక్కువ జీతం అనుకున్న ఉద్యోగమే గంటకు తక్కువ ఇస్తోంది. అసలు తేడా 15 వేలు కాదు, 11 వేలు. దానికి బదులుగా మీ అమ్మాయి అదనంగా ఇచ్చేది 131 గంటలు. గంటకు 84 రూపాయలు! ఇంజనీరింగ్ చదివిన పిల్ల సాయంత్రాలను, శనివారాలను ఆ ధరకు అమ్మమని మీరు అడుగుతున్నారు.

మీ డబుల్ డ్యూటీని నేను తక్కువ చేయడం లేదు. ఆ కష్టమే లేకపోతే ఈ రెండు ఆఫర్లూ వచ్చేవి కావు. కానీ మీ అదనపు డ్యూటీకి అదనపు డబ్బు వచ్చింది. 2025 దాకా మీకు వర్తించిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టి, అది దాటితే రెట్టింపు వేతనం ఇవ్వాలని రాసింది. అంటే, విశ్రాంతి వేళను తీసుకుంటే దానికి మామూలు గంటకన్నా ఎక్కువ వెల కట్టాలని చట్టమే ఒప్పుకుంది. మీ అమ్మాయికి ఆ పదిన్నర గంటలూ జీతంలోనే కలిసిపోయాయి. పదకొండో గంటకు ఎవరూ విడిగా పైసా ఇవ్వరు.

పైగా వారానికి 63 గంటలంటే ఆరోగ్యం సంగతి కూడా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అధ్యయనం ప్రకారం వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35–40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. అన్ని గంటలు కూర్చున్నంత మాత్రాన పని పెరుగుతుందా అంటే, అదీ అనుమానమే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిచేసినవారి రికార్డులను ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ పరిశీలించారు. 70 గంటల వారంలో తయారైన సరుకుకూ 56 గంటల వారంలో తయారైనదానికీ పెద్ద తేడా లేదు.

ఉద్యోగంలో మొదటి నాలుగైదేళ్లు నేర్చుకునే కాలం. ఉదయం ఎనిమిదింటికి బయల్దేరి రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరిన మనిషికి, ఏడు గంటలు నిద్రపోతే, స్నానానికీ తిండికీ తయారవడానికీ కలిపి మిగిలేది మూడున్నర గంటలు. ఆదివారం నిద్రకూ బట్టలకూ సరి. కొత్త విషయం నేర్చుకోవడానికి చురుకైన బుర్ర కావాలి. అది అలసటలో దొరకదు. అయితే మీ అమ్మాయి ఆ సాయంత్రాల్లో ఏదో కోర్సు చేస్తేనే వాటికి విలువ అని నేను అనను. స్నేహితులతో షటిల్ ఆడినా, మీ పక్కన కూర్చుని కబుర్లు చెప్పినా, ఊరికే ఉన్నా అది ఆమె సంపాదనలో భాగమే. 22 ఏళ్ల వయసులో దొరికే సాయంత్రాన్ని 40 ఏళ్లప్పుడు జీతం పెంచి కొనుక్కోలేం.

ఇక్కడ మీకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉప్పల్ ఉద్యోగంలో చేరితే ఆ మిగిలిన సమయం వంటింటి పాలు కాకూడదు. కేంద్రం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసేవారిలో స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 88 నిమిషాలు. ‘తొందరగా వస్తావుగా’ అంటూ ఆడపిల్లకు పనులు అప్పగించే ఇళ్లు ఎన్నో చూస్తున్నాను. మీ ఇంట్లో పనులను ఇప్పుడే అందరూ పంచుకోండి.

గచ్చిబౌలి వైపు మొగ్గాల్సిన సందర్భాలూ ఉన్నాయి. విద్యారుణం వాయిదాలు మెడ మీద ఉండి, 39 వేలతో ఇల్లు గడవకపోతే 11 వేలు చిన్న మొత్తం కాదు. అలాగే అక్కడ చేయి తిరిగిన సీనియర్ల పక్కన కూర్చుని అసలైన పని నేర్చుకునే వీలుండి, ఉప్పల్‌లో ఏళ్ల తరబడి ఒకే రకం టెస్టింగ్ చేయాల్సి వస్తే నేనూ గచ్చిబౌలినే సూచిస్తాను. కానీ ఏడాదో ఏడాదిన్నరో అని ముందే గడువు పెట్టుకోవాలి. ఆఫీసు దగ్గర్లో హాస్టల్‌లో ఉంటే ప్రయాణం తగ్గుతుంది. ఆ అద్దె కూడా లెక్కలో వేయండి.

అసలు పని గంటలు, నేర్చుకునే వీలు ఆఫర్ లెటర్‌లో కనిపించవు. అందుకే సంతకం చేసేముందు రెండు కంపెనీల్లోనూ ఆ టీముల్లో పనిచేస్తున్నవారితో అమ్మాయినే మాట్లాడమనండి. నిన్న రాత్రి ఎన్నింటికి ఇంటికి వెళ్లారు, అమెరికా వాళ్లతో రాత్రి కాల్స్ ఉంటాయా, సెలవు రోజు ఫోన్ వస్తే ఎత్తాల్సిందేనా అని అడగాలి. బాండ్ ఎన్నేళ్లు, నోటీస్ పీరియడ్ ఎంత అన్నవి మాత్రం హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో తెప్పించుకోవాలి. ఉప్పల్‌లో తొమ్మిది గంటలంటే నిజంగా తొమ్మిదేనని తేలితే, మీ అమ్మాయి అన్నట్టే చేయనివ్వండి.