ఓడలు ఎటు పోయినట్టు?

చిరంజీవి సుజాతకి,

మేస్టారి ఆశీస్సులు. నీ ఉత్తరం చేరింది. ఫోన్లో రెండు ముక్కలతో తేలిపోయేదానికి నాలుగు పేజీలు రాశావంటే విదేశాలు చూడాలన్న ఈ కోరిక నిన్న మొన్నటిది కాదని అర్థమైంది. చీటీ పాడిన డబ్బు లక్షన్నర చేతికొచ్చిందన్నావు. పన్నెండు రోజుల్లో ఏడు దేశాలు చూపిస్తాననీ, తక్కువైన డబ్బు వాయిదాల మీద కట్టుకోవచ్చనీ ట్రావెల్స్ అతను ఊరిస్తున్నాడన్నావు. మీ అత్తగారేమో ఈ వయసులో దేశదిమ్మరి బుద్ధులేమిటన్నారు. ముందు ఆ మాట సంగతి చెప్తాను.

నన్ను కూడా మా నాయనమ్మ దేశదిమ్మరి అనే తిట్టేది. తిడుతూనే నాకు ఆ పిచ్చి అంటించింది కూడా ఆవిడే. మాది ఘంటసాలకి కూతవేటు దూరం. ఘంటసాల అనగానే లోకానికి పాటలు గుర్తొస్తాయి గానీ మాకు గుర్తొచ్చేది పాత దిబ్బ. చిన్నప్పుడు ఆ దిబ్బ పక్కగా నడుస్తుంటే, "పూర్వం ఇక్కడికి ఓడలొచ్చేవిరా" అనేది నాయనమ్మ. చుట్టూ చూస్తే వరిచేలు, తాటిచెట్లు, బురదలో గేదెలు. సముద్రం వాసన కూడా తగలదు. ముసలమ్మ కోతలు కోస్తోందనుకున్నా. తర్వాతెప్పుడో ట్రైనింగ్ కాలేజీలో చదువుకుంటుంటే తెలిసింది, రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు పండితుడు రాసిన కంటకొస్సిల రేవు మా ఘంటసాలేనని పండితులు చెబుతారని. అక్కడి శాసనమొకదానిలో "మహానావిక" అన్న మాట ఉందని కూడా. ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు.

అయినా పాతికేళ్లు కదల్లేదు. కదిలించినవాడు మీ బ్యాచ్‌లోనే ఉన్నాడు, వెనక బెంచీలో. ఇప్పుడు కైకలూరు వైపు చేపల చెరువులు చేసుకుంటున్నాడని విన్నాను. ఎనిమిదో తరగతిలో శాతవాహనుల పాఠం చెబుతుంటే లేచి, "ఓడలు ఎటు పోయినట్టు సార్? పోయి ఏం చేసినట్టు?" అన్నాడు. నేను బెత్తం ఎత్తి బంగాళాఖాతం మీదుగా తూర్పుకి జరిపాను. మన బడిలో ఉన్నది ఇండియా మ్యాపు ఒక్కటే కదా! బెత్తం కొన మ్యాపు అంచు దాటి సున్నం గోడ మీదికి పోయింది. క్లాసంతా నవ్వింది, నువ్వూ నవ్వే ఉంటావు. నేనూ నవ్వాను గానీ ఆ గోడ మాత్రం నా బుర్రలో ఉండిపోయింది. మర్నాడే పాస్‌పోర్టు ఫారాలు ఎక్కడ దొరుకుతాయని వాకబు మొదలుపెట్టాను. అప్పటికి నా వయసు నలభై ఆరు.

అందుకని నీకు చెప్పే మొదటి మాట: ఏడు దేశాలొద్దు, ఒక్కటి చాలు. అదేదో ట్రావెల్స్ అతన్ని అడక్కు, నీ పాఠం నోట్సు తీసి చూడు. ఏళ్ల తరబడి పిల్లలకి చెబుతూ, చెప్పిన ప్రతిసారీ నీకే అనుమానం వచ్చి గబగబా దాటేసే పేజీ ఒకటుంటుంది. నువ్వు వెళ్లాల్సిన దేశం అక్కడుంది. పన్నెండు రోజుల్లో ఏడు దేశాలు చూసొచ్చిన మా తోటి మేస్టారిని ఏం చూశారని అడిగితే బస్సు కిటికీలు బాగున్నాయన్నాడు. వాయిదాల మీద అయితే అసలే వద్దు. తిరిగొచ్చాక కూడా ఆ ప్రయాణం నెలనెలా తలుపు తడుతుంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కంబోడియాలోని పాత గుడి అంగ్‌కోర్‌వాట్ పేరు మూడుచోట్ల ఉంది, ప్యారిస్ పేరు ఒక్కచోటే. కాబట్టి కంబోడియా అనుకునే రాస్తున్నాను.

కాగితాల పని ముందు. ఊరు వదిలితే హెడ్మాస్టరుకి చెప్పాలి, దేశం వదిలితే డిపార్ట్‌మెంటుకి చెప్పాలి. పాస్‌పోర్టుకి అప్లై చేసేటప్పుడు పై ఆఫీసుకి ముందుగా తెలియజేశానన్న ఉత్తరం కాపీ జతచేస్తే సరిపోతుంది, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కోసం నెలలు కాచుకోనక్కర్లేదు. కానీ ప్రయాణానికి అనుమతి వేరు, సెలవు వేరు. సెలవుల్లోనే కదా వెళ్తున్నా అనుకుని అనుమతి మానేస్తే రేపు ఎవడో ఒకడు ఆకాశరామన్న ఉత్తరం రాస్తాడు. నా మొదటి ప్రయాణంలో ఏమైందో తెలుసా? అనుమతి కాగితం వచ్చింది, విమానం వెళ్లిపోయిన ఆరో రోజున. ఏ ఆఫీసులో ఆగిందో చెప్పను, ఆ టేబులు దగ్గర అందరం కూర్చున్నవాళ్లమే. టికెట్ డబ్బు మాత్రం కృష్ణార్పణం. కాగితం చేతిలో పడకుండా టికెట్ కొనకు. పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలన్నది కూడా గుర్తుపెట్టుకో. కంబోడియాకి ఈ-వీసా దొరుకుతుంది. అచ్చం సర్కారు సైటులాగే కనిపించే నకిలీవి చాలా ఉంటాయి, మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని సరిచూసి మరీ కట్టు.

వేసవి సెలవుల్లో వెళ్లకు. ఏప్రిల్‌లో అక్కడి ఎండ మన రెంటచింతల ఎండకి మేనత్త. సంక్రాంతి సెలవులు చూసుకో. జనవరిలో వాన ఉండదు, పొద్దున్నే చల్లగా కూడా ఉంటుంది. పండక్కి ఇంట్లో లేకపోతే ఎలా అంటారా, అది మీ ఇంటి సంగతి, నేను తలదూర్చను. హైదరాబాదు నుంచి బ్యాంకాక్‌కో కౌలాలంపూర్‌కో వెళ్లి అక్కడ విమానం మారి అంగ్‌కోర్ గుళ్లకి దగ్గర ఊరైన సియెమ్‌రీప్‌లో దిగు. 2023లో తెరిచిన కొత్త విమానాశ్రయం ఊరికి నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం, రాత్రిపూట దిగేలా పెట్టుకోకు. అంగ్‌కోర్ చూడ్డానికి టికెట్టు ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62. మూడు రోజులది తీసుకో. వరసగా మూడు రోజులూ తిరగాలని లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. మధ్యలో ఒకరోజు కాళ్లకి విశ్రాంతి. అంగ్‌కోర్‌వాట్ పై అంతస్తుకి భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. నీకు చుడీదార్ ఉండనే ఉంది.

డాలర్ల విషయం కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ మార్కెట్లో కూడా డాలర్లు చెల్లుతాయి గానీ నోటు పెళ్లికూతురిలా ఉండాలి. నా దగ్గరున్న ఇరవై డాలర్ల నోటుకి అంచున గోరంత చిరుగు. హోటల్లో తీసుకోలేదు, టుక్‌టుక్ అతను నవ్వి వెనక్కిచ్చాడు. చివరికి పూర్తిగా తిరిగి ఇంటికొచ్చింది, ఇప్పటికీ నా డైరీలో ఉంది. చిల్లర మాత్రం వాళ్ల రియెల్‌లలో ఇస్తారు, డాలరుకి నాలుగు వేల చిల్లర. కొబ్బరిబోండాం కొంటే ఒకావిడ రెండువేల రియెళ్ల నోటు చేతిలో పెట్టింది. అంకె చూసి అక్కడే నిలబడిపోయాను. మా తాత జమాఖర్చుల పుస్తకంలో రాసుకునే ౨ లాగే ఉంది, పక్కన సున్నాలు. ౩ కూడా అంతే. వాళ్ల లిపి పల్లవుల లిపి నుంచి పుట్టింది, మనదానికి దాయాది. ఆ సంగతి నేను ఎన్నోసార్లు చెప్పాను, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా కూడా ఇచ్చాను. నోటు చేతిలో పట్టుకుంటే వేరు. నువ్వు లెక్కలు కూడా చెబుతున్నావు కదా, ఇది కూడా విను: సున్నాని చుక్కగా చెక్కిన ఒక పాత శాసనం మెకాంగ్ నది ఒడ్డున సంబోర్‌లో దొరికింది. శకం 605 అని దాని మీద ఉంది, అంటే క్రీ.శ. 683.

తిండికి బెంగపడకు. అది అన్నం తినే దేశం. కాకపోతే కూరల్లో చేపల రసం, చేపల ముద్ద పడతాయి. నువ్వు శాకాహారివి గనక ప్రతిచోటా అడిగి తెలుసుకో. ఆవకాయ పట్టుకెళ్లు, కానీ గాజు సీసాలో వద్దు. నా రెండు తెల్లచొక్కాలు ఆ ప్రయాణంలోనే ఎర్రబడ్డాయి.

బాంతియే స్రేయ్ గుడికి వెళ్లే దారిలో ఒకచోట బండి ఆపించు. రోడ్డు పక్కనే ఆడవాళ్లు తాటి నీరా కాచి బెల్లం చేస్తుంటారు. పొయ్యి మీద పెద్ద మూకుడు, పొంగు, ఆ వాసన... మా దివిసీమలోనే ఉన్నాననిపించింది. తాటాకులో చుట్టి బిళ్లలు అమ్ముతారు. చుట్టుపక్కల పొలాల గట్ల మీద నిలబడ్డవి అన్నీ మన తాటిచెట్లే.

సరిగ్గా అక్కడే మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. నేనూ చేశాను. గుడి గోడ మీద రామాయణం కనిపించగానే "ఇదంతా మనదే!" అని గట్టిగా అన్నాను. మా గైడు మర్యాదస్తుడు, ఏమీ అనకుండా నన్ను బయోన్ గుడికి తీసుకెళ్లాడు. ఏడో జయవర్మ అనే రాజు కట్టించినది. బయటి గోడ మీద రాజులూ దేవుళ్లే కాదు, మామూలు జనం కూడా ఉంటారు. చేపలమ్మే ఆడవాళ్లు, వండుకునేవాళ్లు, కాన్పవుతున్న తల్లి. ఒకచోట కోడిపందెం. రెండు కోళ్లని ఎదురెదురుగా పట్టుకుని మగాళ్లు ముందుకి వంగారు, వెనకాలవాళ్లు చేతులు చాచి పందేలు కాస్తున్నారు. మన భీమవరం బరిలో ఫొటో తీసినట్టే ఉంది. గైడు మెల్లిగా అడిగాడు, "ఇది కూడా మీదేనా సార్?" అని. నాకు నోట మాట రాలేదు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి వాళ్ల ఊరు అది, వాళ్ల చెరువు, వాళ్ల చేపలు.

తర్వాతి ఏడు జావా వెళ్లి బోరోబుదూర్ బౌద్ధ స్తూపం మీద చెక్కిన ఓడలు చూశాక నా పాఠం పూర్తిగా తిరగబడింది. ఆ ఓడ మనది కాదు. పక్కకి ఒరగకుండా తేలే దూలం కట్టిన, ఆ దీవుల ఓడ. నేను ఇన్నేళ్లూ మనవాళ్లు వెళ్లారనే చెప్పాను. వాళ్లు కూడా తెరచాపలెత్తి వస్తూపోతూ ఉన్నారని ఒక్కసారి కూడా చెప్పలేదు. రిటైరవ్వడానికి మూడేళ్లుండగా ఆ ముక్క సరిదిద్దుకుని కొత్తగా చెప్పాను. మీ బ్యాచ్‌కి మాత్రం బాకీ ఉండిపోయింది, ఈ ఉత్తరంతో చెల్లు.

రాజధాని ప్నాంపెన్ కూడా వెళ్లు. సియెమ్‌రీప్ నుంచి బస్సులో ఆరు గంటలు. అక్కడ తువోల్ స్లెంగ్ అని ఒక మ్యూజియం ఉంది. అది ఒకప్పుడు హైస్కూలు. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు సాయుధులు ఊళ్లోకొచ్చారు. తర్వాత ఆ బడిని జైలు చేశారు. 1979 జనవరి దాకా అక్కడికి తెచ్చినవాళ్లలో వేలమంది ప్రాణాలతో బయటపడలేదు. మేస్టర్లు, డాక్టర్లు, నాలుగక్షరాలు వచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు. లోపలికెళ్తే మన జిల్లాపరిషత్ బడిలాగే పొడుగు వరండా, వరసగా గదులు, గళ్లగళ్ల నేల. ఆ గదుల్లోనే ఇటుకలతో మనిషి పట్టేంత కొట్లు కట్టారు. ఆటస్థలంలో పిల్లలు వ్యాయామం చేసే కొయ్యదూలానికి మనుషుల్ని వేలాడదీశారు. ఆ జైలు అధికారి మునుపు లెక్కల మేస్టారు. అది చదివాక ఆవరణలో ఒక చెట్టు కింద బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. మా ఆవిడ, అదే మీ పిన్నిగారు, మంచినీళ్లు తెచ్చిచ్చింది, ఏమీ అడగలేదు. చూడకపోయినా తప్పులేదు. చూస్తే మాత్రం ఆ రోజుకి ఇంకేం పెట్టుకోకు.

ఇంకొకటి, టీచరమ్మవి గనక నీకే చెబుతున్నా. బడి పిల్లల దగ్గరికి తీసుకెళ్తాం, అనాథాశ్రమం చూపిస్తాం అని కొందరు వెంటపడతారు. వెళ్లకు. ముక్కూమొహం తెలియని వాళ్లు నీ క్లాసులోకి వచ్చి పిల్లల ఫొటోలు తీసుకుంటే నువ్వు ఊరుకుంటావా?

లండన్ గురించి అడిగావు. మా అమ్మాయి పుణ్యమా అని ఒకసారి వెళ్లాను. పిల్లల దగ్గరికెళ్లడం ప్రయాణం కింద రాదు, అది కాపురమే, వంటగది మాత్రం మారుతుంది. ఒక్క మధ్యాహ్నం తప్పించుకుని బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు చూశాను. 1845లో ఇలియట్ దొర తవ్వించి మద్రాసు చేర్చినవి, 1859లో ఓడెక్కినవి. అద్దం వెనక చల్లటి గదిలో ఉన్నాయి. ఓడలు ఎటు పోయాయన్న ప్రశ్నకి ఇది కూడా ఒక జవాబు. ఆ కథ మరోసారి.

నీకొక పని అప్పజెబుతున్నా. అంగ్‌కోర్‌వాట్‌లో తూర్పు వసారా గోడ మీద క్షీరసాగర మథనం ఉంది, యాభై మీటర్లకి కాస్త తక్కువ పొడుగు. అసురులు 92 మంది, దేవతలు 88 మంది అని రాస్తారు. నేను వేలితో చూపించుకుంటూ లెక్కపెట్టాను. దేవతలు సరిపోయారు. అసురుల్లో 91 దగ్గరికి వచ్చేసరికి గొడుగులతో ఒక గుంపు అడ్డం వచ్చింది, మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేకపోయింది. నువ్వు పొద్దున్నే, జనం రాకముందు వెళ్లి ఎడమ చివర నుంచి లెక్కపెట్టి నాకు రాయి. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు, ఆ తాటిబెల్లం ఆవిడకి రెండు బిళ్లలు తెచ్చిపెట్టు.

ఇట్లు,
మీ సోషల్ మేస్టారు