ఒడ్డు మీద ఎవర్నీ వదిలేయకు

ఒరేయ్ అల్లుడూ,

నిన్న వదిన ఫోన్ చేసి నువ్వు ఫాంటసీ నవల మొదలుపెట్టావనీ, అందులో చచ్చినవాళ్ళకి తీర్పు చెప్పే దేవుడి కొలువు ఒకటి పెడుతున్నావనీ చెప్పింది. విన్నప్పట్నుంచీ ఒక పక్క మురిసిపోతున్నా, ఇంకో పక్క దడగా ఉంది, ఎందుకంటే నీ వయసులో ఆ పనే చేసి చేతులు కాల్చుకున్నదాన్ని. విసుక్కోకుండా చదువు.

మామూలువి నీకు తెలుసు. మ్యాప్ గీసుకో, దేవుళ్ళకి నోరు తిరిగే పేర్లు పెట్టు, రోజూ కాస్త రాయి. అంతే.

కొలువు సంగతికొస్తే, అక్కడ ఏం తూస్తారో ముందు తేల్చుకో, చేసిన పనా, మనసులో అనుకున్నదా, పూజల లెక్కా? పాత ఈజిప్టువాళ్ళ నమ్మకంలో చనిపోయినవాడి గుండెని ఒక పళ్ళెంలో, సత్యానికీ న్యాయానికీ దేవత అయిన మాత్ ఈకని ఇంకో పళ్ళెంలో పెట్టి తూస్తారు, తేడా వస్తే పక్కనే కాచుక్కూర్చున్న మొసలి తలకాయ జీవి గుండెని మింగేస్తుంది. నాకు నచ్చింది అది కాదు. శవంతో పాటు పేడపురుగు ఆకారంలో ఒక రాయి పెట్టేవాళ్ళు, తన గుండె తనకే ఎదురు సాక్ష్యం చెప్పొద్దని బతిమాలుకునే మంత్రం దాని మీద చెక్కి ఉండేది. ఎంత భయపడితే అలాంటిది చెక్కించుకుంటాడురా మనిషి! నువ్వు సింహాసనాన్ని మూడు పేజీలు వర్ణిస్తావు, నాకు తెలుసు, మానెయ్. అలాంటి రాయి ఒకటి చూపించు.

ఇక నా తప్పు. మీ నాన్నకి కూడా పూర్తిగా తెలీదిది.

అప్పట్లో నా సీరియల్ ఒక పత్రికలో వచ్చేది. అందులో చచ్చినవాళ్ళు దాటాల్సిన నది ఉంటుంది, కర్మకాండ జరగనివాళ్ళని పడవవాడు ఎక్కించుకోడు, వాళ్ళు ఎప్పటికీ ఆ ఒడ్డు మీదే ఉండిపోతారు. బలే గగుర్పాటుగా ఉందని నాకు నేనే మెచ్చుకున్నా. ఒకరోజు ఒకావిడ ఉత్తరం రాసింది, మా తమ్ముడు వరదలో కొట్టుకుపోయాడండీ, శవం దొరకలేదు, వాడు కూడా మీ ఒడ్డు మీదే ఉన్నాడా, ఏ వారం దాటిస్తారు అని. నేనేం చేశానో తెలుసా? "ఇది కథ మాత్రమేనండీ" అని ఒక్క లైన్ రాసి పడేశా. పొగరు. నియమం అంటే నియమం, రచయిత్రిని కదా!

సీరియల్ అయిపోయాక ఎప్పుడో రోమన్ కవి వర్జిల్ రాసిన ఈనిడ్ కావ్యం చదివా, ఆరో భాగంలో అచ్చం అలాంటి ఒడ్డే ఉంది, పూడ్చిపెట్టనివాళ్ళు అక్కడ తిరుగుతుంటారు, కానీ 100 ఏళ్ళు. వందేళ్ళయ్యాక దాటొచ్చు. రెండు వేల ఏళ్ళ కిందటి కవి గడువు పెట్టాడు, నేను పెట్టలేదు! ఆ రాత్రే కూర్చుని పడవవాడు వెనక్కొచ్చి ఆ కుర్రాణ్ణి ఎక్కించుకునే ఘట్టం రాసి ఆవిడకి పోస్ట్ చేశా. చిరునామాలో లేరని కవర్ తిరిగొచ్చింది. ఇప్పటికీ బీరువాలోనే ఉంది, చించలేదు.

అందుకే చెప్తున్నా, ఎవర్ని ఏ శిక్షలో పెట్టినా అది ఎన్నాళ్ళో రాసుకో. నమ్మనివాడు, పసిపిల్లాడు, మంత్రం చెప్పేవాళ్ళు లేనివాడు, వీళ్ళు ఎటు పోతారో ముందే ఆలోచించు, రాజులూ రాక్షసులూ తర్వాత.

ఇంకోటి, నీ దేవుడు తప్పే చేయడంటే నేను ఒప్పుకోను. చిన్నప్పుడు నీకు మాండవ్య మహర్షి కథ చెప్తే, చేయని దొంగతనానికి ఆయన్ని శూలం ఎక్కించే చోట భోరుమన్నావ్, గుర్తుందా? భారతం ఆదిపర్వంలోది. పసితనంలో పురుగుల్ని గడ్డిపరకతో గుచ్చినందుకు అంత శిక్షా అని ఆయన వెళ్ళి యముణ్ణే నిలదీశాడు, 14 ఏళ్ళలోపు చేసింది పాపం కాదని కొత్త హద్దు పెట్టాడు, పైగా శపించాడు, ఆ యముడే విదురుడై పుట్టాల్సొచ్చింది. అంటే మన కథల్లో జడ్జికీ శిక్ష పడిందిరా. నీ కొలువులో కూడా అలా నిలదీసే నోరు ఒకటుండాలి, హీరోదే కానక్కర్లేదు.

సరేలే, చాలా తిట్టాను. రాత్రుళ్ళు మరీ మేలుకోకు, వదిన కంగారు పడుతోంది. మొదటి చాప్టర్ అవగానే నాకే ముందు పంపు, మీ నాన్నకి కాదు. అక్షరదోషాలు వాడు చూస్తాడు, నేను ఒడ్డు చూస్తా.

మీ అత్త