పంట తినే కోతుల మీద పరిశోధనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. నీట్ రాయనని, కోతుల అరుపుల మీద పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. మా రెండెకరాల మొక్కజొన్నను ఏటా కోతులే తింటున్నాయి. ఈ చదువుకు భవిష్యత్తు ఉందా?
– ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: కంకి పాలు పోసుకునే వేళకు గుంపు వచ్చి పడితే మీ కడుపు ఎంత మండుతుందో నాకు తెలుసు. అయితే మీ అమ్మాయి ఆసక్తి ఆ చేను గట్టు మీదే పుట్టిందేమో ఆలోచించండి. కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీలు మీ వైపు కట్టే ఉంటారు. మొదట్లో కోతులు బెదురుతాయి. కొన్నాళ్లకు దాని పక్కనే కూర్చుని కంకులు వలుచుకుంటాయి. అవి ఏ హెచ్చరికను నమ్ముతాయి, ఎప్పుడు లెక్కచేయడం మానేస్తాయి అన్నది మీ సమస్యే కాదు, జంతు సంభాషణ శాస్త్రంలో అసలు ప్రశ్న కూడా.

కెన్యాలోని అంబోసెలిలో వెర్వెట్ కోతులపై చేసిన ప్రయోగం గురించి సెయ్‌ఫార్త్, చీనీ, మార్లర్ అనే శాస్త్రవేత్తలు 1980లో ప్రచురించారు. రికార్డు చేసిన అరుపులను చాటుగా ఉంచిన స్పీకరులో వినిపించారు. చిరుత వచ్చిందన్న అరుపు వినగానే కోతులు చెట్లెక్కాయి. గద్ద అరుపుకు ఆకాశం వైపు చూశాయి, పాము అరుపుకు నేల వైపు చూశాయి. అక్కడ చిరుతా లేదు, గద్దా లేదు, పామూ లేదు. ఉన్నది అరుపు మాత్రమే!

మన దగ్గరా పని చాలా ఉంది. దక్షిణ భారతంలో తప్ప ఎక్కడా లేని బొన్నెట్ కోతుల తావుల్లోకి ఉత్తరాది రీసస్ కోతులు చొచ్చుకొస్తున్నాయి. కోతులన్నీ ఒకటే అనుకునే మనకు బొన్నెట్ కోతులు చోటు కోల్పోతున్న ఈ నష్టం కనిపించదు.

ఇక దారి. తిరుపతిలోని కేంద్ర విజ్ఞాన విద్యా, పరిశోధన సంస్థ ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ (డిగ్రీ, పీజీ కలిసిన కోర్సు) నా మొదటి ఎంపిక. పక్షుల పాటలపై పరిశోధన చేసే బృందం అక్కడే ఉంది. ప్రవేశానికి ఐసర్ల ప్రవేశ పరీక్ష ఐఏటీ రాయాలి. అందులో గణితం కూడా ఉంటుంది కాబట్టి ఇప్పటి నుంచే సాధన చేయించండి. సీటు రాకపోతే జంతుశాస్త్రంతో డిగ్రీ చేసి, డెహ్రాడూన్‌లోని భారతీయ వన్యప్రాణి సంస్థలోనో బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం ఎన్‌సీబీఎస్‌లోనో ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. ఎక్కడ చదివినా గణాంకశాస్త్రం గట్టిగా నేర్చుకోవాలి. కోతులంటే ఇష్టం ఉండి లెక్కలంటే భయపడేవారు ఈ రంగంలో మధ్యలోనే ఆగిపోతారు.

డబ్బు సంగతి దాచను. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. పీహెచ్‌డీకి ముందు, పీహెచ్‌డీ తర్వాత కూడా చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగాలే, గడువు తీరితే మళ్లీ వెతుక్కోవాలి. ముప్పై దాటేదాకా స్థిరమైన జీతం రాకపోవచ్చు. ఇంటికి వెంటనే ఆమె సంపాదన అవసరమైతే ఆ మాట ఇప్పుడే చెప్పండి.

నిర్ణయానికి ముందు ఒక పని చేయించండి. మూడు వారాలు రోజూ తెల్లవారుజామున గట్టు మీద కూర్చోమనండి. గుంపులో ఒక్క కోతినే ఎంచుకుని, పది నిమిషాల పాటు అది చేసిందల్లా నోటుబుక్కులో రాయాలి. అరుపు వినబడితే ఫోనులో రికార్డు చేయాలి. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఆ అరుపు గీతలుగా, మచ్చలుగా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లకూడదు, తిండి పెట్టకూడదు. మొదటి రోజు మీరూ వెంట వెళ్లండి. గుంపు ఏ వైపు నుంచి దిగుతుందో, ముందు ఏ కోతి వస్తుందో ఆమెకంటే మీకే బాగా తెలుసు.